ఖాళీ బల్ల మీది కత్తి

మిగ్దాలియా పొద్దున లేచింది మొదలు కార్ఖానాలో వేదిక ఎక్కేదాకా ఒక్క మాట మాట్లాడదు. గోరువెచ్చటి నీళ్ళలో నిమ్మరసం, తేనె కలిపి పుక్కిలిస్తుంది. కాఫీ గుడ్డలో వడకట్టుకుని కిటికీ దగ్గర నిలబడి తాగుతుంది. వీధిలో ఎవరైనా పలకరిస్తే చెయ్యి ఊపుతుంది. రొట్టె వచ్చిందా అని కనుబొమ్మలతో అడిగితే, రొట్టెబండి మనిషి కూడా నోరు తెరవకుండా తలే ఊపుతాడు. కొత్తగా మా వీధికి కాపురం వచ్చిన వాళ్ళు ఆమె మూగదనుకుని కొన్నాళ్ళు జాలిపడతారు. తన గొంతులోంచి వచ్చే మొదటి మాట హాలులో వాళ్ళకే చెందాలని ఆమె పట్టుదల.

ఆమె పని చదవడం. మా ఊరు శాన్ ఎలాదియోలో చుట్టల కార్ఖానా ఒక్కటే. పొడవాటి హాలు, రేకుల కప్పు, వరుసలు వరుసలుగా బల్లలు, బల్లకొక మనిషి, మనిషి ముందు తడి గుడ్డ కింద పొగాకు ఆకులు. హాలుకి ఒక చివర మెట్ల మీద చిన్న వేదిక, దాని మీద కుర్చీ, మైకు. పొద్దున పేపరు, మధ్యాహ్నం నవల. చేతులు చుట్టలు చుడుతుంటాయి, చెవులు మిగ్దాలియా దగ్గర ఉంటాయి. ఏ నవల చదవాలో హాలు చేతులెత్తి నిర్ణయిస్తుంది. చదివే మనిషిని ఉంచాలా తియ్యాలా అన్నది కూడా హాలే చేతులెత్తి తేలుస్తుంది.

చేతులు ఖాళీ ఉండవు కనక ఇక్కడ చప్పట్లుండవు. ఆకు కోసే వంపు కత్తి ఉంటుంది ప్రతివాళ్ళ దగ్గరా, పిడి లేనిది, అరచేతిలో ఇమిడేది. చదివింది నచ్చితే ఆ కత్తి బల్ల మీద తాటిస్తారు. హాలంతా ఒక్కసారి తాటిస్తే రేకుల మీద వడగళ్ళు పడ్డట్టుంటుంది. నచ్చకపోతే కత్తి నేల మీదికి జారవిడుస్తారు. అది ఒక్కటి పడ్డా చాలు, చదివే మనిషి వెన్ను జలదరిస్తుంది. మా అమ్మ ఐదో వరుసలో చుడుతుంది. యూనివర్సిటీ సెలవుల్లో నేను వెనకాల ఆకు మూటల మీద కూర్చుని వినేదాన్ని. కాబట్టి ఈ కథలో కొంత నేను చూసింది, కొంత మా అమ్మ చెప్పింది, మిగతాది మిగ్దాలియా చెప్పింది.

మిగ్దాలియాకి ఇంకొక నియమం కూడా ఉండేది. నవల చివరి పేజీలు ముందుగా చదవదు. వాళ్ళకి తెలియనిది తనకి తెలిస్తే గొంతులో తెలిసిపోతుందని భయం. హాలుతో పాటే తనూ చివరికి చేరాలనుకునేది. ఈ నియమం లేకపోతే తర్వాత జరిగిన వాటిలో చాలా జరిగేవి కావు.

ఆ ఏడాది ఆమె వరసగా మూడు నవలలు చదివింది.

మొదటిది హవానాలో ఒక మేడ, అందులో ఒక హత్య. మెట్ల మీద దొరికిన బొత్తాం, అబద్ధాలాడే పనిమనిషి, చివర్లో లిఫ్టులో ఇరుక్కున్న హంతకుడు. మిగ్దాలియాకి అది పేలవంగా అనిపించింది. వాక్యాలు బీటలువారిన పెంకుల్లా ఉన్నాయని మా ఇంట్లో కాఫీ తాగుతూ చెప్పింది. హాలుకి మాత్రం పిచ్చిగా నచ్చింది. హంతకుడెవరో ముందే చెప్పేసిన రెమిహియో, రెండో వరుసలో అందరికన్నా పెద్దాయన, వారం రోజులు తల ఎగరేసుకుని తిరిగాడు. చివరి రోజున కత్తుల మోతకి వీధిలో కుక్కలు మొరిగాయి.

రెండోది రాజధానిలో బహుమతి వచ్చిన నవల. ఒక ముసలి పియానో టీచరు తన గదిలోంచి బయటికి రాదు, అంతే కథ. పేజీలకి పేజీలు ఆగకుండా సాగే వాక్యాలు. మిగ్దాలియా దాన్ని రాత్రిళ్ళు తనకోసం మళ్ళీ చదువుకునేది. హాలులో నాలుగో రోజుకే మొదటి కత్తి నేల మీద పడింది, తర్వాత ఇంకొకటి.

"ఏమ్మా మిగ్దాలియా, ఆ రచయితకి ఫుల్‌స్టాప్‌లు రేషన్లో ఇవ్వలేదా?" అన్నాడు రెమిహియో. హాలు నవ్వింది. ఆమె కూడా నవ్వింది, కానీ ఆ సాయంత్రం మా ఇంటికి కాఫీకి రాలేదు. పుస్తకం సగంలో ఆపేశారు. ఆమెకి నచ్చింది వాళ్ళకి నచ్చలేదు, వాళ్ళకి నచ్చింది ఆమెకి రుచించలేదు. ఇన్నేళ్ళలో ఇది కొత్త కాదు. మూడో నవల దగ్గరే లెక్క తప్పింది.

దాని గురించి చెప్పే ముందు మూడో వరుస గురించి చెప్పాలి. అక్కడ సెనైదా, ఎల్బా అనే అక్కచెల్లెళ్ళు పక్కపక్క బల్లల దగ్గర చుట్టేవాళ్ళు. ఎల్బా పెద్దది, సెనైదా చిన్నది, ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు, ఒకే ఇల్లు. ఎల్బా చుట్ట చివర ఆకుని గుండ్రంగా అంటించకుండా సన్నటి తోకలా మెలిపెట్టేది. మా కార్ఖానా చుట్టలకి తోక ఉండకూడదు. తనిఖీ చేసే మనిషి ప్రతిసారీ తిట్టి పక్కన పడేసేవాడు. "తోక లేని చుట్ట తోక లేని పిల్లిలా ఉంటుందయ్యా" అనేది ఎల్బా. సెనైదా ఎంత ప్రయత్నించినా ఆ తోక మెలిపెట్టలేకపోయేది. ఆకు చిరిగిపోయేది.

రెండేళ్ళ కిందటి తుఫానులో ఎల్బా అవతలి గట్టున ఉన్న మేకని తెస్తానని రేవులోకి దిగింది. చెల్లెలు గట్టు మీదే నిలబడి ఉంది. నది ఎల్బాని పట్టుకుపోయింది. మేక తర్వాత తనంతట తనే ఇంటికొచ్చింది. ఎల్బా శవం దొరకలేదు. సమాధి లేదు, పూలు పెట్టడానికి చోటు లేదు. ఆ బల్ల దగ్గర ఎవరినీ కూర్చోబెట్టవద్దని హాలు చేతులెత్తింది. ఎల్బా కత్తి ఆ బల్ల మీదే ఉండిపోయింది. చిత్రం ఏమిటంటే హాలులో ప్రతి వస్తువు మీదా పొగాకు ధూళి పేరుకుంటుంది. దాని మీద మాత్రం పేరుకునేది కాదు. సెనైదా తుడుస్తోందని అందరూ అనుకునేవాళ్ళు. తను ముట్టుకోనని సెనైదా అనేది.

మూడో నవలని మిగ్దాలియా పట్నం లైబ్రరీ నుంచి తెచ్చింది. మొదటి పేజీలు హాలుకి చదివి వినిపించింది. నది ఒడ్డున పడవ నడిపే వాడు, అతని ఇద్దరు కూతుళ్ళు. మొదటి అధ్యాయంలోనే పెద్ద కూతురు వరదలో వెళ్ళిపోతుంది. చిన్నది ప్రతి సాయంత్రం అక్క కోసం రెండో కంచం పెడుతుంది. అక్కడిదాకా చదివేసరికి హాలులో కత్తులు ఆగిపోయాయి. ఎవరూ మూడో వరుస వైపు చూడలేదు, అందరూ చూడకుండా ఉండడానికే కష్టపడ్డారు. మిగ్దాలియా పుస్తకం మూసి, వేరేది చూద్దామంది.

సెనైదా చెయ్యెత్తింది. "ఇదే కావాలి. మీరందరూ నాకోసం మొహాలు ముడుచుకోకండి. అక్క వస్తుందో రాదో నాకు తెలియాలి."

చేతులు ఒకటొకటిగా లేచాయి.

మూడు వారాలు చదివింది. మా అమ్మ అనేది, ఆ రోజుల్లో హాలులో దగ్గు కూడా వినపడేది కాదని. చెల్లెలు కంచం పెట్టే ఘట్టం వచ్చినప్పుడల్లా ఖాళీ బల్ల దగ్గర చల్లగా ఉండేదని ఆ పక్క వరుస వాళ్ళు అన్నారు. పైన రేకులు కాలిపోయే ఎండలో కూడా. మిగ్దాలియాకి నవల ఒక్కొక్క రోజు నచ్చేది, ఒక్కొక్క రోజు విసుగనిపించేది. రచయిత్రి నది గురించి బాగా రాసిందనీ, మనుషుల గురించి తొందరపడిందనీ అనుకునేది. కానీ హాలుకి ఏమనిపిస్తోందో ఈసారి ఆమెకి తెలియలేదు. కత్తి తాటించినవాళ్ళు లేరు, జారవిడిచిన వాళ్ళూ లేరు.

చివరి రోజు నేనూ అక్కడ ఉన్నాను. మధ్యాహ్నం రెండు దాటగానే ఆకాశం నల్లబడి వాన మొదలైంది, దానితో కరెంటు పోయింది. మైకు చచ్చిపోయింది. హాలు మసకబడి, దూరంగా ఉన్న వాళ్ళ మొహాలు పోయి చేతులే కదులుతూ కనిపించాయి. రేకుల మీద వాన చప్పుడులో మిగ్దాలియా గొంతు పెంచి చదవసాగింది. చివరి పేజీ తిప్పింది. ఒక్క క్షణం ఆగింది. ఊపిరి తీసుకుంటోందనుకున్నాను.

ఆ పేజీలో ఏముందో ఆమె కళ్ళు అప్పటికే చూసేశాయి. తల ఎత్తితే మూడో వరుసలో సెనైదా కనిపించింది. చేతిలో ఆకు, అది ఎండిపోతున్నా తెలియడం లేదు, మొహం వేదిక వైపు, నోరు కొంచెం తెరుచుకుని.

చదివే మనిషి దగ్గవచ్చు, తుమ్మవచ్చు, పుస్తకంలో మాట మార్చకూడదు. కార్ఖానా పుట్టినప్పటి నుంచీ ఉన్న కట్టుబాటు అది. మిగ్దాలియా ఆ రోజు మార్చింది. సాయంత్రం తలుపు దగ్గర తడి కాళ్ళ చప్పుడైంది అని చదివింది. చెల్లెలు తలెత్తి చూసింది, అక్క గడప మీద నిలబడి ఉంది, జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. అన్నం చల్లారిపోయిందా అని అడిగింది. లోపలికొచ్చి రెండో కంచం ముందు కూర్చుని తిన్నది. అయిపోయింది అని చదివి పుస్తకం మూసింది.

వాన తప్ప ఇంకేం చప్పుడు లేదు. అప్పుడు మూడో వరుసలోంచి కత్తి బల్ల మీద తాటించిన చప్పుడొచ్చింది, మెల్లగా. సెనైదా రెండు చేతులూ ఆకు మీదే ఉన్నాయి. అది నేను చూశాను. నా పక్కన ఆకు ఈనెలు తీసే ఆవిడ కూడా చూసి శిలువ గుర్తు వేసుకుంది. ఆ తర్వాతే హాలంతా కత్తులు మోగించింది, ఎంతసేపంటే మొదటి చప్పుడు ఎక్కడినుంచి వచ్చిందో అడిగే ధైర్యం ఎవరికీ లేకుండా పోయేంతసేపు.

మర్నాడు సెనైదా ఖాళీ బల్ల మీద ఒక కాఫీ కప్పు పెట్టింది. ఆ మర్నాడు తడి గుడ్డ కింద రెండు ఆకులు. కొంచెం ఉపశమనంగా ఉందని కొందరన్నారు. ఆ వారం చివర, పని ముగిశాక, ఆ బల్ల మీద ఒక చుట్ట కనిపించింది. చక్కగా చుట్టినది, చివర సన్నటి తోక మెలిపెట్టి ఉంది. తనిఖీ మనిషి దాన్ని తియ్యబోయి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. వేళ్ళకి తడి తగిలిందన్నాడు.

రెమిహియో సెనైదా దగ్గరికి వెళ్ళి మెల్లగా మందలించాడు, ఆడుకోవడానికి కూడా ఒక హద్దు ఉండాలని. సెనైదా తన చేతులు అతని ముందు చాపింది. "పాతికేళ్ళ నుంచి చూస్తున్నావు గదా రెమిహియో మావా. నాకు ఎన్నడైనా తోక వచ్చిందా?"

అతను ఆ చుట్ట వైపు ఒకసారి చూసి తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. అయినా మిగ్దాలియా ధైర్యం తెచ్చుకోడానికి ప్రయత్నించింది. మనిషి దుఃఖంలో ఉంటే చేతులు కొత్త పనులు నేర్చుకుంటాయి కదా అని నాతో అంది. అన్నాక నా మొహంలోకి చూసింది, నేను అవునంటానని. నేను అన్నాను కూడా.

పది పదిహేను రోజుల తర్వాత సెనైదా ఆమెని ఇంటికి పిలిచింది. సూర్యుడు వాలిపోయే వేళ. వారం నుంచి చినుకు లేదు, వీధిలో దుమ్ము లేస్తోంది. సెనైదా ఇంటి గడప మీద మాత్రం తడి ఉంది. రెండు పాదాలు పట్టేంత తడి, లోపలికి తిరిగి ఉన్నట్టు. వీధి నుంచి గడప దాకా అడుగులు లేవు, గడప నుంచి లోపలికీ లేవు. నది అడుగు బురద వాసన. మిగ్దాలియా దాన్ని దాటి వెళ్ళడానికి కాలు పెద్దగా చాపాల్సి వచ్చింది.

బల్ల మీద నల్ల చిక్కుళ్ళ అన్నం, వేయించిన అరటికాయ, పంచదార పాకంలో గట్టిపడ్డ జామ ముద్ద, రెండు కంచాలు. తనకోసమనుకుని మిగ్దాలియా కుర్చీ లాగబోతే సెనైదా చెయ్యి అడ్డం పెట్టి వేరే కుర్చీ చూపించింది.

"వస్తోంది తల్లీ" అంది సెనైదా. "రోజూ ఈ వేళకి వస్తోంది. కానీ గడప మీదే నిలబడుతుంది. నువ్వు చదివిన దాంట్లో ఆ పిల్ల లోపలికొచ్చి కూర్చుని తిన్నది గదా. మా ఎల్బా దాటట్లేదు. నేనేదో తప్పు చేస్తున్నా. ఆ చెల్లెలు ఏమన్నదో ఆ మాట ఇంకొకసారి చదివి పెట్టు."

అప్పుడు మిగ్దాలియా నిజం చెప్పింది. ఆ ముగింపు తను కల్పించి చదివిందని, పుస్తకంలో అక్క తిరిగి రాదని. సెనైదా కోప్పడలేదు. చిన్నపిల్ల అబద్ధం చెబితే నవ్వినట్టు నవ్వింది.

"వేదిక మీద అందరి ముందూ చదివింది అబద్ధమూ, నా వంటింట్లో గుసగుసలాడేది నిజమూనా? ఎవరు నేర్పారు నీకీ మాట? రెమిహియోనా?"

మిగ్దాలియా ఎంత చెప్పినా ఆమె వినలేదు. జామ ముద్ద ముక్కలు కోస్తూ, పిలిస్తే రాని మనిషిని ఎదురెళ్ళి తెచ్చుకోవాలంది. "అది ఎక్కడ దిగిందో అక్కణ్ణుంచే గదా వస్తుంది. రేడియోలో విన్నావా, దక్షిణాన తుఫాను పుట్టిందట. ఈసారి నది రేవు దాకా రాగానే నేను దిగి చెయ్యి పట్టుకుంటా. క్రితం సారి గట్టు మీద నిలబడిపోయా. అదీ నా తప్పు."

కిటికీ బయట మేక మెడ గంట కదిలింది. ఆ మేకే. సెనైదా తల తిప్పి గడప వైపు చూసి, మొహమంతా వెలుగుతో, కొంచెం జరుగు, దాని మీద నీ నీడ పడుతోంది అంది. మిగ్దాలియా గడప వైపు చూడలేదు. ఆ సంగతి నాతో చెప్పినప్పుడు ఆమె గొంతు ఎప్పుడూ లేనంత చిన్నగా ఉంది. చూసి ఉంటే అక్కడ ఏమీ కనిపించేది కాదని తనకి తెలుసంది. అయినా చూడలేదంది.

తుఫాను మూడు రోజుల్లో మా జిల్లా మీదికి వస్తుందని చెప్పారు. చివరి రోజు కార్ఖానా మధ్యాహ్నానికే మూసేస్తారని, ఆకు మూటలు పై అటక మీదికి ఎక్కించాలని ఆజ్ఞ వచ్చింది. మొదటి రెండు రోజులూ వెనకాడుతూ గడిపేసిన మిగ్దాలియాకి ఇక ఆ పొద్దున పేపరు చదివే వేళ తప్ప వేరే వేళ లేదు. వంటింట్లో చెబితే నమ్మని మనిషి వేదిక మీద చదివితే నమ్ముతుంది. వేదిక మీద చదివితే, మాట మార్చిన మనిషిగా ఆ వేదిక పోతుంది. ఆమెకి వేరే పని రాదు. భర్త పోయాక, కొడుకు సైన్యంలోకి వెళ్ళాక, ఆ ఇంట్లో మిగిలింది ఆ మధ్యాహ్నపు గొంతే.

ఆ పొద్దున కూడా ఆమె పుక్కిలించింది, మాట్లాడకుండా వచ్చింది. పేపరు మడిచి పక్కన పెట్టింది. గాలికి రేకులు అప్పుడే లేస్తున్నాయి.

"మూడో నవల చివరి పేజీ మీకు నేను తప్పు చదివాను. దాంట్లో లేనిది చదివాను. ఇప్పుడు ఉన్నది చదువుతాను."

ఇంక వివరణ ఇవ్వలేదు. చదివింది. మనుషులు నది మలుపు దగ్గర పెద్ద కూతురి నీలం గౌను దొరికిందని తెచ్చారు. గౌనులో ఎవరూ లేరు. చెల్లెలు దాన్ని ఉతికి, ఆరబెట్టి, మడిచి, చెక్కపెట్టెలో పెట్టింది. మొయ్యడానికి మనిషి బరువు ఉండాలని నది రాళ్ళు పెట్టింది. పూడ్చి ఇంటికొచ్చి రెండో కంచం కడిగి బోర్లించింది. తలుపు గడియ వేసింది. ఆ రాత్రి బయట ఎవరో నడిచినట్టయింది, ఆమె లేవలేదు.

చదివి పుస్తకం మూసింది. అప్పుడు కత్తి ఒకటి నేల మీద పడింది.

అందరం మూడో వరుస వైపు చూశాం. సెనైదా కత్తి సెనైదా చేతిలోనే ఉంది. నేల మీద పడి ఇంకా ఊగుతున్నది ఎల్బా కత్తి. గాలికి పడిందని చెప్పుకోవచ్చు. ఆ బల్ల మీద ఉన్న తడి గుడ్డ అంచు కూడా కదలలేదు.

సెనైదా వంగి దాన్ని తీసింది. అరచేతిలో తిప్పి చూసింది. గౌను కొసతో తుడిచింది. తలెత్తి వేదిక వైపు మాట్లాడింది, మైకు లేకుండానే చివరి వరుస దాకా వినపడేలా.

"మా అక్కకి నచ్చలేదు. నాకూ నచ్చలేదు." ఆ కత్తిని తన బల్ల మీద పెట్టుకుంది. "కానీ నువ్వు ముందు చదివిన దాంట్లో అది అన్నం చల్లారిందా అని అడిగింది. మా ఎల్బా ఎప్పుడూ అట్లా అడగదు. చల్లన్నమే దానికిష్టం. అప్పుడే అనుమానపడాల్సింది నేను."

ఖాళీ బల్ల మీది కాఫీ కప్పు తీసుకుని గిలకల బావి దగ్గరికి వెళ్ళి కడిగింది.

తుఫాను ఆ మధ్యాహ్నమే వచ్చింది. మా అమ్మ, రెమిహియో, ఇంకొందరు సెనైదా ఇంట్లో కూర్చున్నారు, ఆమెని ఒంటరిగా వదలకూడదని. కిటికీలకి చెక్కలు కొట్టారు. చీకటి గదిలో చుక్కల బిళ్ళలు పేర్చే ఆట, డామినోలు ఆడుతున్నారట, ఎవరు ఏం వేస్తున్నారో చూడకుండానే. గాలి ఊళ వేస్తోంది, నది రేవుని మింగేసిందని ఎవరో అరిచి చెప్పి పోయారు. అప్పుడు తలుపు తట్టిన చప్పుడైంది. గాలి తలుపుని కొట్టినట్టు కాదని మా అమ్మ అంటుంది. వేలి కణుపులతో, తెలిసిన ఇంటి తలుపు తట్టినట్టు.

సెనైదా లేచింది. రెమిహియో ఆమె చెయ్యి పట్టుకోబోయి పట్టుకోలేకపోయాడు. ఆమె తలుపు దగ్గరికి వెళ్ళి గడియ మీద చెయ్యి వేసి నిలబడింది. తలుపు కింద నుంచి నీళ్ళు లోపలికి పాకుతున్నాయి, ఆమె చెప్పుల చుట్టూ.

"ఎల్బా" అంది ఆమె, తలుపుకి నోరు ఆనించి. "నవల అయిపోయిందే."

ఇంకొకసారి తట్టినట్టయింది, కొంచెం తక్కువగా. తర్వాత గాలి మాత్రమే. సెనైదా వచ్చి తన చోట కూర్చుని, ఎవరి వంతు అని అడిగింది. రెమిహియో డామినో వేశాడు, తప్పు వేశాడు, మా అమ్మ దాని పక్కనే తనది పేర్చింది.

పొద్దున తలుపు తీస్తే గడప మీద బురద ఉంది. ఆ పొద్దున ఊళ్ళో అన్ని గడపల మీదా బురదే ఉంది.

నది తగ్గాక సెనైదా అక్క గౌను ఒకటి చెక్కపెట్టెలో పెట్టించింది. రెమిహియో నది నుంచి రాళ్ళు మోసుకొచ్చాడు, దారంతా గొణుగుతూ, పుస్తకాలు చదివి మనుషులు తన నడుం విరగ్గొడుతున్నారని. శ్మశానంలో వాళ్ళమ్మ పక్కన పూడ్చారు. ఇప్పుడు పూలు పెట్టడానికి చోటు ఉంది.

ఆ తర్వాతి సోమవారం హాలు మిగ్దాలియా గురించి చేతులెత్తింది. రెమిహియో తియ్యాలనే చెయ్యెత్తి, ఆమె మొహాన్నే చెప్పాడు, ఇవాళ చివర మార్చావు, రేపు హంతకుణ్ణి మారుస్తావని. సెనైదా ఏ వైపూ చెయ్యెత్తలేదు. ఎక్కువ చేతులు ఉంచాలన్న వైపు లేచాయి. మర్నాడు రెమిహియో ఎప్పటిలాగే తన పెరటి నిమ్మకాయలు తెచ్చి వేదిక మెట్ల మీద పెట్టాడు.

నవల గురించి అడిగితే మిగ్దాలియా ఇప్పటికీ ఒక మాట మీద నిలబడదు. రచయిత్రి రాసిన ముగింపు సరైనదని ఒక రోజు అంటుంది. ఇంకొక రోజు, తను చదివిందే బాగా వచ్చిందని, అందుకే భయమేస్తోందని అంటుంది. ఆ తడి కాళ్ళు, జుట్టులోంచి కారే నీళ్ళు, ఆ మాటలు తనవి కావని, ఆ మసక వెలుగులో ఎవరో చెబుతుంటే చదివినట్టు వచ్చాయని ఒకే ఒక్కసారి అంది. ఆమె చెప్పిన మిగతావన్నీ రాసుకున్నాను గానీ ఆ మాట రాసుకోలేదు. ఆమె కూడా మళ్ళీ అనలేదు.

మూడో వరుస ఖాళీ బల్ల దగ్గర ఇప్పుడు యుదెల్కిస్ అనే కొత్తమ్మాయి కూర్చుంటుంది. ఎల్బా కత్తి సెనైదా దగ్గరే ఉంది, తనది మొద్దుబారినప్పుడు దానితో ఆకు కోస్తుంది. మిగ్దాలియా మధ్యాహ్నం నవల ఇంకా చదువుతోంది. లైబ్రరీ నుంచి పుస్తకం తెచ్చుకోగానే ముందుగా చివరి పేజీ తెరుస్తుంది.